స్మార్ట్ బల్బులు ఎంత కరెంటు కాలుస్తున్నాయో లెక్క కట్టడం ఎలా?

హోమ్ అసిస్టెంట్ (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒకే చోటి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్న ఇంట్లో ఎనర్జీ డ్యాష్‌బోర్డు తెరిస్తే గీజరు కనిపిస్తుంది, ఫ్రిజ్ కనిపిస్తుంది. స్మార్ట్ ప్లగ్ మీద ఉన్నవన్నీ కనిపిస్తాయి. బల్బుల దగ్గర మాత్రం ఖాళీ. కారణం ఒకటే: మనం కొనే స్మార్ట్ బల్బుల్లో దాదాపు దేనిలోనూ వాట్లు కొలిచే చిప్పు ఉండదు. ఆన్‌లో ఉన్నానా ఆఫ్‌లో ఉన్నానా, వెలుగు ఎంత, రంగు ఏది, అంతవరకే అవి చెప్పగలవు. ఆ మూడు ముక్కల నుంచి వాట్లు రాబట్టుకునే పని మనది.

డబ్బా మీద 9 వాట్లు అని రాసి ఉంది కదా, వెలిగిన గంటలతో గుణిస్తే సరిపోదా అంటే, రెండు చోట్ల తేడా కొడుతుంది. ఆ 9 వాట్లు ఫుల్ వెలుగులో మాత్రమే. సాయంత్రం సినిమా చూస్తూ పది శాతానికి దించిన బల్బు 9 వాట్లు తాగదు, అలాగని 0.9 వాటూ తాగదు. రెండోది, యాప్‌లో ఆఫ్ చేసినా బల్బు పూర్తిగా పడుకోదు. మళ్లీ ఎప్పుడు పిలుస్తారో అని లోపలి వైఫై లేదా జిగ్‌బీ (స్మార్ట్ పరికరాలు తమలో తాము మాట్లాడుకునే వైర్‌లెస్ పద్ధతి) రేడియో చెవులు రిక్కించుకునే ఉంటుంది. రోజుకు గంట కూడా వెలగని బల్బుల విషయంలో ఈ రెండో ఖర్చే అసలు ఖర్చు.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

వాట్లు చూపించే స్మార్ట్ ప్లగ్ ఒకటి చాలు. ప్లగ్ టాప్, వైరు, హోల్డరు కలిపి ఎలక్ట్రీషియన్లు వాడే టెస్ట్ ల్యాంపులు కనీసం రెండు, ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు. మీ బల్బులు పిన్ను హోల్డరువా, మర హోల్డరువా చూసుకుని దానికి తగ్గ టెస్ట్ ల్యాంపు తెచ్చుకోండి. వైరు బిగించడం చేతకాకపోతే కరెంటు సామాన్ల షాపులో అడిగితే అక్కడే బిగించి ఇస్తారు.

మల్టీమీటరుతో ఆంపియర్లు చూసి 230తో గుణించే ఆలోచన ఉంటే మానుకోండి. చిన్న ఎల్ఈడీ బల్బుల పవర్ ఫ్యాక్టరు, అంటే వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేదాంట్లో నిజంగా కాలే వాటా, తక్కువగా ఉంటుంది. 0.5 ఉందనుకుంటే నిజంగా 9 వాట్లు తాగే బల్బుకు మీ గుణకారం 18 చూపిస్తుంది. ఇంటి మీటరు మనకు వేసేది ఆ 18కి కాదు, 9కే.

మొదటి పని: ఒక్క మోడలు, ఒక్క బల్బు

ఇంట్లో ఉన్నవన్నీ కొలవక్కర్లేదు. ఒకే కంపెనీ, ఒకే మోడలు బల్బులు పన్నెండు ఉంటే ఒకటి కొలిస్తే మిగతా వాటికీ అదే లెక్క. మోడలు మారితే మాత్రం మళ్లీ కొలవాలి. రెండూ 9 వాట్లే అయినా లోపలి డ్రైవరు (ఎల్ఈడీకి కరెంటు అందించే సర్క్యూటు) వేరు, తగ్గించినప్పుడు దాని తీరు వేరు.

బల్బును టెస్ట్ ల్యాంపులో పెట్టి, దాన్ని స్మార్ట్ ప్లగ్‌కి గుచ్చి, ఫుల్ వెలుగులో పది నిమిషాలు వదిలేయండి. ఎల్ఈడీ వేడెక్కే కొద్దీ వాట్లు కాస్త దిగి ఒక చోట నిలబడతాయి. ఆ తర్వాత రాసుకోవడం మొదలుపెట్టండి. వంద శాతం, డెబ్బై ఐదు, యాభై, పాతిక, పది, చివరగా యాప్‌లో ఆఫ్. ప్రతి మార్పు తర్వాత ఒక నిమిషం ఆగి అంకె చూడండి.

ఇలా వచ్చిందనుకుందాం:

100 శాతం: 8.8 వాట్లు
75 శాతం: 5.9
50 శాతం: 3.6
25 శాతం: 1.9
10 శాతం: 1.1
ఆఫ్, గోడ స్విచ్ ఆన్‌లోనే: 0.5

యాభై శాతం దగ్గర ఆగి చూడండి. 0.5 నుంచి 8.8కి సూటిగా గీత గీస్తే మధ్యలో 4.65 రావాలి. వచ్చింది 3.6. యాప్‌లోని స్లయిడరు మన కంటికి సగం అనిపించేలా పనిచేస్తుంది తప్ప వాట్లను సగం చేయదు. కొన్ని మోడళ్లలో ఈ వంపు ఎక్కువ, కొన్నిటిలో గీత దాదాపు సూటిగానే ఉంటుంది. కొలవనిదే తెలియదు.

రంగుల బల్బయితే తెలుపునే రెండుసార్లు కొలవాలి, పసుపు ఛాయ తెలుపుకు ఒకసారి, ట్యూబ్‌లైటు తెలుపుకు ఒకసారి. లోపల ఆ రెంటికీ వేర్వేరు ఎల్ఈడీలు ఉంటాయి కాబట్టి అంకెలు కలవకపోవచ్చు. ఎరుపు, నీలం, ఆకుపచ్చల్లో సాధారణంగా తెలుపు కంటే తక్కువే కాలుతుంది. కొన్నాక మొదటి వారం, ఆ తర్వాత దీపావళికి తప్ప రంగులు తిప్పే ఇళ్లు నేనైతే పెద్దగా చూడలేదు. ప్రతి రంగూ కొలుస్తూ కూర్చోకండి. నిజంగా రోజూ వాడేదేదైనా ఉంటే అది కొలవండి, చాలు.

రెండో పని: అర వాటును పట్టుకోవడం

ఇక్కడే చాలామంది లెక్క తప్పుతుంది. స్మార్ట్ ప్లగ్‌లు గీజరు, వాషింగ్ మెషీన్ లాంటివి కొలవడానికి చేసినవి. అర వాటు పెడితే కొన్ని సున్నా చూపించి ఊరుకుంటాయి. సున్నా చూసి ఆఫ్‌లో ఏమీ తాగడం లేదనుకుంటే ఇంటి మొత్తం మీద నెలకు నాలుగు యూనిట్ల దాకా లెక్కలోంచి జారిపోతాయి.

దీనికి రెండు దారులున్నాయి. ఒకే మోడలు బల్బులు నాలుగైదు ఉంటే అన్నిటినీ ఎక్స్‌టెన్షన్ బోర్డులో హోల్డర్లకు పెట్టి, యాప్‌లో అన్నీ ఆఫ్ చేసి, వచ్చిన అంకెను బల్బుల సంఖ్యతో భాగించండి. తేలికైన దారి ఇదే.

ఒక్కటే బల్బు ఉంటే పక్కన ఒక బరువు, అంటే కరెంటు తాగే ఇంకో పరికరం, పెట్టాలి. పాత ఫిలమెంటు జీరో బల్బు దొరికితే భేషుగ్గా ఉంటుంది. పేరుకే జీరో, తాగేది 15 వాట్ల దగ్గర. ఇప్పుడొస్తున్న ఎల్ఈడీ జీరో బల్బు మాత్రం పనికిరాదు. ముందు జీరో బల్బు ఒక్కదాన్నే వెలిగించి ప్లగ్ చూపించే వాట్లు రాసుకోండి. తర్వాత అదే బోర్డులో స్మార్ట్ బల్బును కూడా కలిపి, యాప్‌లో ఆఫ్ చేసి మళ్లీ రాయండి. రెంటికీ తేడాయే మీ స్టాండ్‌బై, అంటే ఆఫ్‌లో ఉండి తాగే కరెంటు.

ఇందులో ఒక మెలిక ఉంది. ఫిలమెంటు బల్బు తాగేది వోల్టేజీని బట్టి మారుతుంది. 230 ఉన్న వోల్టేజీ 234 అయితే చాలు, జీరో బల్బే ఇంచుమించు 0.4 వాటు ఎక్కువ తాగుతుంది. మనం పట్టుకోవాలనుకుంటున్నదే అర వాటు! అందుకని మూడుసార్లు చూడండి: జీరో ఒక్కటీ, రెండూ కలిపి, మళ్లీ జీరో ఒక్కటీ. మొదటిదీ మూడోదీ కలవకపోతే ఆ కొలత పక్కన పడేయండి. వీధిలో అందరూ మోటార్లు వేసే వేళ కాకుండా మధ్యాహ్నం పూట పెట్టుకుంటే వోల్టేజీ కాస్త నిలకడగా ఉంటుంది.

మూడో పని: కాగితం మీద ఒక రోజు

కంప్యూటరుకు అప్పగించే ముందు ఒక్క బల్బుకు చేత్తో వేసి చూస్తే తర్వాత డ్యాష్‌బోర్డులో వింత అంకె వచ్చినప్పుడు వెంటనే పసిగట్టగలుగుతారు.

హాల్లో బల్బు సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా వెలుగుతుంది. రెండు గంటలు ఫుల్లు, రెండు గంటలు సగం, గంట పది శాతం. 17.6, 7.2, 1.1 కలిపితే 25.9 వాట్‌అవర్లు. మిగతా 19 గంటలు అర వాటు చొప్పున 9.5. మొత్తం రోజుకు 35.4. నెలకు 1062 వాట్‌అవర్లు, అంటే ఒక యూనిట్టు చిల్లర. ఇందులో నాలుగో వంతుకు పైగా బల్బు ఆరిపోయి ఉన్నప్పుడు కాలిందే.

ఇప్పుడు స్టోర్ రూమ్ చూడండి. అదే బల్బు, రోజుకు అరగంట. వెలిగినందుకు 4.4, ఆరిపోయి ఉన్నందుకు 11.75. దాదాపు మూడొంతులు ఊరికే పోతోంది. స్టోర్ రూమ్‌లో, బాత్రూమ్‌లో స్మార్ట్ బల్బు పెట్టడం నా దృష్టిలో దండగ. అక్కడ మామూలు ఎల్ఈడీ బల్బు, మామూలు స్విచ్ చాలు.

నాలుగో పని: హోమ్ అసిస్టెంట్‌కి అప్పగించడం

దీనికోసం పవర్‌కాల్క్ అనే ఇంటిగ్రేషన్ (హోమ్ అసిస్టెంట్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాము) ఉంది. హోమ్ అసిస్టెంట్‌తో పాటు రాదు, హ్యాక్స్ (HACS, ఇలాంటి అదనపు ప్రోగ్రాములు దొరికే చోటు) ద్వారా విడిగా వేసుకోవాలి. వేశాక రీస్టార్ట్ చేస్తే, మీ ఇంట్లోని బల్బుల కంపెనీ, మోడలు చూసి తన లైబ్రరీలో ఉన్నవాటిని అదే పట్టుకుంటుంది. ఆ లైబ్రరీలో ఒక్కో మోడలుకు వెలుగు, రంగుల కలయికలన్నిటికీ ఎవరో ఓపిగ్గా కొలిచి పెట్టిన పట్టికలుంటాయి. ఫిలిప్స్ హ్యూ, ఐకియా లాంటివి అందులో చాలానే ఉన్నాయి. మీ బల్బు దొరికితే ఒప్పుకుని ముందుకెళ్లండి, చేత్తో కొలిచిన నాలుగు అంకెల కంటే ఆ పట్టికే నయం.

తుయా యాప్‌తో నడిచే బల్బులకు రకరకాల కంపెనీల పేర్లుంటాయి కాబట్టి మీది ఆ జాబితాలో ఉండకపోవచ్చు. అప్పుడు మాన్యువల్‌గా వర్చువల్ పవర్ సెన్సరు తయారు చేసుకోవాలి. బల్బు ఎంటిటీని ఎంచుకుని లీనియర్ పద్ధతి పెట్టండి. అందులో కనిష్ఠం, గరిష్ఠం రెండే ఇచ్చి వదిలేయకండి, క్యాలిబ్రేట్ అనే చోట మీరు కొలిచిన అంకెలన్నీ ఇవ్వండి. ఇక్కడ వెలుగు శాతాల్లో ఉండదు, 255కి ఎంత అన్నట్టు ఉంటుంది. పది శాతం అంటే 26, పాతిక అంటే 64, యాభై అంటే 128, డెబ్బై ఐదు అంటే 191, వంద అంటే 255. పక్కన వాట్లు. రెండు బిందువుల మధ్య అది గీత గీసుకుంటుంది. వంపు ఉన్న మా ఉదాహరణ బల్బుకు కూడా ఐదు బిందువులతో సరిపోతుంది.

స్టాండ్‌బై పవర్ అనే గడి ఖాళీగా వదలకండి. ఇంత కష్టపడి పట్టుకున్న 0.5 అక్కడ రాయాలి.

వాట్ల నుంచి యూనిట్లకు మార్చే సెన్సరును పవర్‌కాల్క్ తనే తయారు చేస్తుంది. వేరే పద్ధతిలో వాట్లు తెచ్చుకుని, హోమ్ అసిస్టెంట్‌లోని ఇంటిగ్రల్ హెల్పరుతో యూనిట్లు చేసేవాళ్లు మాత్రం జాగ్రత్తగా ఉండాలి. అందులో మొదట ఉండే పద్ధతి ట్రెపిజాయిడల్. బల్బు పది గంటలు ఆఫ్‌లో ఉండి ఒక్కసారిగా 8.8కి లేచిందనుకోండి, మధ్యలో కొత్త రీడింగు ఏదీ రాకపోతే ఈ పద్ధతి ఆ పది గంటలూ వాట్లు మెల్లగా పెరుగుతూ వచ్చాయనుకుంటుంది. సగటున నాలుగున్నర వాట్ల మీద వేసి, వెలగని బల్బుకు నలభై పైచిలుకు వాట్‌అవర్లు రాసిపెడుతుంది. లెఫ్ట్ అనే పద్ధతికి మార్చండి. చివరి రీడింగు మారేదాకా అదే కొనసాగింది అని లెక్కేస్తుంది, బల్బులకు కావాల్సింది అదే.

ఐదో పని: గోడ స్విచ్

మన ఇళ్లలో సాఫ్ట్‌వేర్ లెక్కంతా తలకిందులయ్యేది ఇక్కడే. అమ్మ వంటింట్లోంచి వస్తూ చెయ్యి అలవాటుగా గోడ స్విచ్ ఆఫ్ చేస్తుంది. ఆవిడను తప్పుపట్టేదేమీ లేదు, కరెంటు పొదుపులో అంతకు మించిన పద్ధతి ఇంకా రాలేదు. గోడ దగ్గర ఆపితే స్టాండ్‌బై కూడా ఉండదు, నిఖార్సయిన సున్నా. కానీ హోమ్ అసిస్టెంట్‌కి ఆ సంగతి తెలిసేలా చేయాలి.

స్విచ్ కట్టేస్తే బల్బు అన్‌అవైలబుల్ అని చూపిస్తుంది. పవర్‌కాల్క్‌లో అన్‌అవైలబుల్ పవర్ అనే సెట్టింగు ఉంది, దాన్ని సున్నా చేయండి. లేకపోతే బల్బుతో పాటు వాట్ల సెన్సరు కూడా మాయమై లెక్కలో కంతలు పడతాయి.

జిగ్‌బీ బల్బులతో ఇంకో తంటా. జడ్‌హెచ్ఏ (హోమ్ అసిస్టెంట్‌లోనే ఉండే జిగ్‌బీ ఇంటిగ్రేషన్) వాడుతుంటే, కరెంటు మీద నడిచే పరికరం పలకకపోయినా రెండు గంటలు గడిస్తే గాని అన్‌అవైలబుల్ అనదు, మొదట ఉండే సెట్టింగు అది. ఫుల్‌గా వెలుగుతున్న బల్బును గోడ దగ్గర కట్టేస్తే, ఆ రెండు గంటలూ అది వెలుగుతూనే ఉందనుకుని 17.6 వాట్‌అవర్లు దొంగలెక్క రాస్తుంది. జడ్‌హెచ్ఏ సెట్టింగుల్లో ఆ సమయాన్ని కొన్ని నిమిషాలకు తగ్గించండి. దాని బదులు జిగ్‌బీటుఎంక్యూటీటీ అనే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు అవైలబిలిటీ అనేదాన్ని ముందు ఆన్ చేసుకోవాలి. పైగా జిగ్‌బీ బల్బులు పక్క పరికరాలకు సిగ్నలు అందించే మధ్యవర్తులు కూడా. ఒకటి కట్టేస్తే దాని మీద ఆధారపడ్డ సెన్సరు కాసేపు మూగబోవచ్చు.

ఆరో పని: బయట మీటరుతో సరిచూసుకోవడం

ఇంటి ముందున్న మీటరుకు మించిన తీర్పరి లేదు. దాని మీద చిన్న ఎర్ర లైటు మినుకుతూ ఉంటుంది. పక్కనే ఒక యూనిట్టుకు ఎన్ని పల్సులో రాసి ఉంటుంది, చాలా మీటర్ల మీద 3200. అంటే 3200 సార్లు మినుకితే ఒక యూనిట్టు. రెండు మినుకుల మధ్య ఎన్ని సెకన్లో చూసి 1125ని దానితో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు తాగుతున్న వాట్లు వస్తాయి. మీ మీటరు మీద వేరే అంకె ఉంటే 36 లక్షలను ఆ అంకెతో భాగించి 1125 బదులు వాడండి. మీటరు సీలు జోలికి మాత్రం పోవద్దు, కళ్లతో చూడటమే.

ఫ్రిజ్, ఏసీ, ఫ్యాన్లు, ఇన్వర్టరు ఛార్జింగు, అక్వేరియం మోటారు, ఫోన్ ఛార్జర్లు అన్నీ ఆపండి. రౌటరు, హోమ్ అసిస్టెంట్ నడిచే పెట్టె మాత్రం ఉండనివ్వండి, లేకపోతే బల్బులు వైఫై కోసం వెతుక్కుంటూ మామూలు కంటే ఎక్కువ తాగొచ్చు. స్మార్ట్ బల్బులన్నిటినీ గోడ దగ్గర కట్టేసి ఒకసారి చూడండి. 94 సెకన్లకొక మినుకు వచ్చిందనుకుందాం, అంటే 12 వాట్లు. అది రౌటరు, పెట్టె కలిపి.

ఇప్పుడు పన్నెండు బల్బులకూ గోడ స్విచ్‌లు వేసి, యాప్‌లో ఆఫ్ చేసి చూడండి. మినుకుల మధ్య దూరం 62 సెకన్ల దగ్గరికి వస్తే 18 వాట్లు. పెరిగిన ఆరూ పన్నెండు బల్బులకు పంచితే తలకు అర వాటు. ప్లగ్ దగ్గర పట్టుకున్న అంకె నిజమేనని తేలినట్టు. తర్వాత అన్నీ ఫుల్‌లో వెలిగించి పది మినుకుల సమయం తీసుకోండి. 96 సెకన్లు వస్తే మొత్తం 117 వాట్లు, 12 తీసేస్తే 105, బల్బుకు 8.8 దగ్గర.

ఇలా పదుల వాట్ల మీద చేస్తేనే మీటరు నమ్మకంగా చూపిస్తుంది. ఇల్లంతా ఆపి ఒక్క బల్బు స్టాండ్‌బైని చూద్దామంటే కుదరదు. అంత చిన్న బరువుకు మీటరు అసలు కదలదు.

డ్యాష్‌బోర్డు లెక్కకూ దీనికీ పది శాతం లోపు తేడా ఉంటే వదిలేయండి. అంతకు మించితే ముందుగా అనుమానించాల్సింది స్టాండ్‌బై అంకెను, ఆ తర్వాత కట్టేసిన గోడ స్విచ్‌లను.

ఇంతకీ బిల్లులో ఎంత?

పన్నెండు బల్బుల స్టాండ్‌బై ఒక్కటే నెలంతా లెక్కేస్తే 4.32 యూనిట్లు. హైదరాబాదులో నెలకు 100 దాటి 200 లోపు వాడే ఇంట్లో పై యూనిట్టు ధర 2022 నాటి టారిఫ్ ప్రకారం 4.80. అంటే ఇరవై రూపాయల పైన. దీని కోసం ఇంత తంతా అనిపించొచ్చు.

అయితే అదే టారిఫ్‌లో 200 దగ్గర ఒక గట్టు ఉంది. సరిగ్గా 200 యూనిట్లకు ఎనర్జీ ఛార్జీలు 820 రూపాయలు. 201కి వెళ్తే మొదటి 200కీ యూనిట్టు 5.10 పడి, మొత్తం 1027 రూపాయల 70 పైసలు. గృహజ్యోతి వర్తించే ఇళ్లకైతే 200 దాటితే ఆ నెల సున్నా బిల్లే పోతుంది. నెలనెలా 195, 198 మధ్య ఊగే ఇంట్లో ఆ నాలుగు యూనిట్లు ఎక్కడున్నాయో తెలియడం ముఖ్యమే. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి ఏ స్లాబులో కాలిన యూనిట్లకు ఆ స్లాబు రేటే పడుతుంది కాబట్టి అక్కడ ఈ గట్టు బెడద లేదు.

గట్టుకు దూరంగా ఉన్నవాళ్లు బిల్లు తగ్గించుకోవడానికే ఇదంతా చేస్తుంటే బల్బుల్ని వదిలి పైకి చూడండి. 75 వాట్ల పాత సీలింగు ఫ్యాను రోజుకు పది గంటలు తిరిగితే నెలకు 22.5 యూనిట్లు. దాన్ని 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారు) ఫ్యానుకు మారిస్తే 13.5 యూనిట్లు మిగులుతాయి, పన్నెండు బల్బుల స్టాండ్‌బైకి మూడింతలు. రెండు వేల వాట్ల గీజరు రోజుకు అరగంటకే నెలకు 30.

హోమ్ అసిస్టెంట్ నడిచే పెట్టెను కూడా డ్యాష్‌బోర్డులోకి ఎక్కించండి. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటరు అయితే మూడు నాలుగు వాట్లు, నెలకు రెండు మూడు యూనిట్లు. మూలనున్న పాత ల్యాప్‌టాప్‌ను సర్వరు చేసి, అది 20 వాట్లు లాగుతుంటే నెలకు 14.4 యూనిట్లు. బల్బుల స్టాండ్‌బై అంతా కలిపినా అందులో మూడో వంతు లేదు. పెట్టె మార్చుకోవాలో, బల్బులు మార్చుకోవాలో ఆ రెండు అంకెలు పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి.